కంప్యూటర్ గది తాళంచెవి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండన్నా అని తమ్ముళ్లు అడగగానే మా బ్యాచ్ వాళ్లకు మొదట గుర్తొచ్చింది కంప్యూటర్ గది. 2006లో ఇలాంటి సంచిక కోసమే మేం నలుగురం ఆ గదిలో వారం రోజులు తిప్పలు పడ్డాం.

అప్పుడు పటాన్‌చెరు మెదక్ జిల్లాలో ఉండేది. మా నాన్నలు పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో కూలీలు. ఒక దాత ఇచ్చిన కంప్యూటరే మా అందరికీ దిక్కు. డీటీపీ ఖర్చు మిగులుతుందని సంచికంతా మేమే టైపు చేస్తామని వార్డెన్ సారుకు మాటిచ్చాం.

మూడో రోజు రాత్రి పదకొండు పేజీలయ్యాయి. ప్రింటు నొక్కగానే తెలుగు టైపింగ్ ప్రోగ్రాం టక్కున మూసుకుపోయింది. కంప్యూటర్‌ను కాపాడడానికి విండోసే ఈ ప్రోగ్రాంను మూసేసిందని తెరమీద ఇంగ్లీషులో వచ్చింది. సేవ్ చేయని పేజీలన్నీ పోయాయి. మళ్లీ టైపు చేసి ప్రింటు నొక్కితే మళ్లీ అదే.

"మీరే ఏదో కెలికిండ్రు. పిల్లల చేతికిస్తే గింతే" అని సారు తాళంచెవి తీసుకున్నారు. పేజీలు పోయిన దానికంటే ఆ మాటకే ఎక్కువ బాధపడ్డాం. తప్పు మా చేతులదో కాదో తేల్చుకోవాలనుకున్నాం.

తెరమీద వచ్చిన మాటలను మాలో ఒకడు నోటుబుక్కులో అక్షరం పోకుండా రాసుకున్నాడు. అదే మమ్మల్ని కాపాడింది. బస్టాండు దగ్గరి నెట్ సెంటర్ అన్న అది చదివి, "ఇది వైరస్ కాదురా, డీఈపీ" అన్నాడు. అదే ప్రోగ్రాం సీడీని అక్కడి పాత కంప్యూటర్లో వేసి చూస్తే ప్రింటు చక్కగా వచ్చింది. మరి మా దాంట్లోనే ఎందుకు?

అన్న చెప్పింది మా భాషలో ఇది. హాస్టల్లో బియ్యం స్టోర్ రూములో ఉంటాయి, వంట వంటగదిలో అవుతుంది. మెమరీలోనూ డేటాకు ఒక చోటు, ఆజ్ఞలకు ఒక చోటు. 2003 ఆగస్టులో వచ్చిన బ్లాస్టర్ వైరస్ కొలతకు మించిన డేటాను పంపి, అందులో దాచిన ఆజ్ఞలను నడిపించింది. స్టోర్ రూములో పొయ్యి వెలిగించినట్టన్నమాట. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 దానికి అడ్డం వేసింది. డేటా చోటులో ఆజ్ఞ నడవబోతే ఆ ప్రోగ్రాంను మూసేస్తుంది. పొయ్యి వెలిగించింది దొంగా, అమాయకుడా అని చూడదు. కొన్ని పాత ప్రోగ్రాములకు ఆ అలవాటు ఉండేది. మా ప్రోగ్రాం అలాంటిదే. నెట్ సెంటర్ కంప్యూటర్ ప్రాసెసర్‌కు ఈ కాపలా చేసే శక్తి లేదు, మా దానికి ఉంది.

సారును బతిమాలి, అన్నను వెంటబెట్టుకుని గది తెరిపించాం. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, పర్‌ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, అందులో డేటా ఎగ్జిక్యూషన్ ప్రివెన్షన్. మామూలుగా విండోస్ సొంత ప్రోగ్రాములకే ఉండే కాపలా మా దాంట్లో అన్నింటికీ పెట్టి ఉంది. అంతకు వారం ముందు వైరస్ పట్టిందని ఫార్మాట్ చేసిన మెకానిక్ జాగ్రత్త కోసం పెట్టాడట.

కాపలా మొత్తం తీసేస్తే పీడ పోతుందని మాలో ఒకడన్నాడు. అన్న ఒప్పుకోలేదు. "ఒక్కడు లోపలికి రావాలని గోడ కూలగొడతారా?" అన్నాడు. ప్రోగ్రాం ఒరిజినల్ సీడీదేనని చూసి, యాంటీవైరస్‌తో వెతికి, యాడ్ నొక్కి ఆ ఒక్క ప్రోగ్రాంనే మినహాయింపుల్లో చేర్చాం. రీస్టార్ట్ చేసి, ముందు సేవ్ చేసి, ప్రింటు నొక్కాం. మొదటి కాగితం బయటికి వస్తుంటే సారు కూడా పక్కనే నిలబడ్డారు. ఏమీ అనలేదు. పోతూ పోతూ తాళంచెవి టేబుల్ మీద పెట్టి వెళ్లారు.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది. ఆ కాపలా మాత్రం ఇప్పటి విండోస్‌లోనూ ఉంది. 64 బిట్ ప్రోగ్రాములకైతే మినహాయింపు కూడా ఉండదు. కొత్త వెర్షన్ తెచ్చుకోవడమే మంచి దారి. ఆ రోజు మా దగ్గర దానికి డబ్బులు లేవు.

తమ్ముళ్లారా, ఏదైనా ఆగిపోతే ముందు తెరమీద ఏముందో రాసుకోండి. నడిచే చోట, నడవని చోట తేడా వెతకండి. ఎవరైనా "మీరే పాడుచేశారు" అంటే తల వంచుకుని గది బయటికి రాకండి. కారణం వెతికి పట్టుకుని రండి.