రాతి మీద పేరు

చచ్చిపోయినవాళ్ళ మీద పెట్టే రాతికి కూడా కొలతలుంటాయని నాకు హొసూరు దగ్గర ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే కాలంలో తెలిసింది. కృష్ణగిరి, బర్గూరు, జగదేవి చుట్టుపక్కల గుట్టల్లో తీసే రాయి మన ఇండ్ల గడపలకే కాదు, ఐరోపా దేశాల సమాధులకు కూడా పోతుంది. వ్యాపారులు ‘పారడైసో’ అని పేరు పెట్టుకున్న ఊదా చారల రాయి మన జిల్లాదే. ఒక్కొక్క ఆర్డరుతో ఒక కొలతల కాగితం వస్తుండేది. ఎత్తు ఇంత, మందం ఇంత, మెరుగు పెట్టాలా వద్దా, అడుగున కమ్మీ దిగే బెజ్జం ఎక్కడ అని అందులో ఉండేది. ఆ కొలతలు కొనేవాళ్ళ ఇష్టం కాదు. శ్మశానంవాళ్ళు పెట్టిన కట్టడి.

ఇంగ్లండులో చర్చి ఆవరణలో పెట్టే రాయి సాధారణంగా నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు దాటకూడదు. అద్దంలాగా మెరిసే నల్లరాతిని చాలాచోట్ల రానియ్యరు. పూడ్చిన ఆరు నెలలకుగానీ రాయి నిలపనియ్యరు, మన్ను దిగబడాలి కదా. రాయి ఒరిగి పసిపిల్లల మీద పడిన ప్రమాదాలు జరిగినందువల్ల పునాదికి కమ్మీ తప్పనిసరి చేసినారు. జర్మనీలో సమాధి చోటు శాశ్వతం కాదు. ఇరవై ముప్పై ఏండ్లకు గడువు తీరుతుంది. ఇంటివాళ్ళు మళ్ళీ సొమ్ము కట్టకపోతే రాయి తీసేస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన బ్రిటిషు సిపాయిలకు పెట్టిన రాళ్ళది ఇంకొక కథ. రెండడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు, అడుగు మూడు అంగుళాల వెడల్పు. సేనాపతికైనా సిపాయికైనా అదే రాయి. ఇంటివాళ్ళు ఒక మాట చెక్కించుకోవచ్చు, అది 66 అక్షరాలు మించకూడదు. చావులో హెచ్చుతగ్గులు వద్దన్నది దాని అర్థం. కానీ మన దేశం నుంచి, ఆఫ్రికా నుంచి పోయిన సిపాయిలలో వేలమందికి ఆ సమానం దక్కలేదని, చాలామంది పేర్లే ఎక్కడా లేవని ఆ సంస్థే 2021లో ఒప్పుకుంది.

ఇవన్నీ నాకు కాగితం మీది సంగతులు. మా నాయన పోయినాక ఇంటి సంగతి అయినాయి.

నాయనకు తన చేనిలోనే, తాత పక్కన పండుకోవాలని ఆశ. ఆ చేను చుట్టూ ఇప్పుడు ఇండ్లు లేచినాయి. 1999లో తమిళనాడు ప్రభుత్వం చేసిన గ్రామ పంచాయితీ నిబంధనల ప్రకారం, అనుమతి లేని చోట, ఇంటికిగానీ తాగే నీళ్ళకుగానీ 90 మీటర్ల లోపల పూడ్చకూడదు. అది మంచి నిబంధనే. బోరు నీళ్ళు తాగేవాళ్ళం మనమే కదా. అందుచేత మావాళ్ళ సొంత శ్మశానానికే తీసుకుపోయినాము.

ఆ శ్మశానం మా కులపెద్దల చేతిలో ఉంది. అచ్చువేసిన చట్టం లేదు గానీ కట్టడి ఉంది. సంవత్సరీకం అయినాకనే రాయి పెట్టాలి. మోకాలి ఎత్తు దాటకూడదు. సిమెంటు గద్దె కట్టకూడదు, ఎందుకంటే ఆ చోటు ముందు ముందు ఇంకొకరికి కావాలి. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు తప్ప ఇంకేమీ రాయకూడదు. ఇంతెత్తు నల్లరాయి తెప్పిస్తానన్న ఒకాయనకు మా పెద్దాయన చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది.

“రాయి పొడుగుంటే మనిషి పెద్దోడయితాడా నాయనా? మీ తాత పక్కనే ఉండాడు, ఆయప్ప మీద ఉత్త గుండురాయే ఉంది. ఆయప్పను చిన్నోణ్ణి చేసేకి వస్తివా?”

కొలత దగ్గర మాకు పేచీ రాలేదు. పేచీ వచ్చింది అక్షరం దగ్గర.

“అన్నా, తెలుగులో రాస్తే చదివేదెవురు? మావోనికి రాదు, నీ కూతురికి రాదు. అరవంలో రాద్దాము,” అన్నాడు మా తమ్ముడు.

వాని మాటలో న్యాయం లేకపోలేదు. 2006 చట్టంతో ఒకటో తరగతి మొదలుకొని ఏడాదికొక తరగతిగా తమిళం తప్పనిసరి అవుతూ 2016కి పదో తరగతిదాకా వచ్చింది. కోర్టులు మినహాయింపులు ఇచ్చినా, తెలుగు బడిలో చేరే పిల్లలు తగ్గిపోయినారు. ఇంట్లో తెలుగు మాట్లాడి, తెలుగు అక్షరం ఎరగని పిల్లలు ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్నారు.

కానీ నాయన పేరులో ఒక దకారం, ఒక బకారం, రెండు ఒత్తులు ఉన్నాయి. తమిళ లిపిలో దకారానికీ తకారానికీ ఒకటే అక్షరం, బకారానికీ పకారానికీ ఒకటే. ఆ లిపి తప్పు కాదు, ఆ భాషకు అది చాలు. నాయన పేరు మాత్రం అందులో పట్టదు. ఊరిలో ఎవరూ ఆయన్ను అట్లా పిలిచినవాళ్ళు లేరు.

ఇట్లాంటి పేచీయే ఇంగ్లండులో కోర్టుదాకా పోయింది. ఐర్లండులో పుట్టి కోవెంట్రీ దగ్గర స్థిరపడిన ఒక తల్లి 2018లో పోయింది. ఆమె రాతి మీద ‘మా గుండెల్లో ఎప్పటికీ’ అనే అర్థం వచ్చే మాట ఐరిషు భాషలో చెక్కించాలని బిడ్డలు అడిగినారు. పక్కన ఇంగ్లీషు అర్థం లేకపోతే చదివేవాళ్ళు దాన్ని రాజకీయ నినాదం అనుకోవచ్చునని 2020లో చర్చి న్యాయాధికారి ఒప్పుకోలేదు. బిడ్డలు పై కోర్టుకు పోయినారు. అర్థం రాయనక్కరలేదని 2021లో గెలిచినారు. మనకు అట్లా అడ్డం చెప్పిన అధికారి ఎవరూ లేరు. మా శ్మశానం కట్టడిలో భాష ఊసే లేదు. వద్దంటున్నది మనమే.

రాతి మీది అక్షరం శాశ్వతమని నేనూ అనను. మల్లచంద్రం గుట్ట మీద బండలు నిలబెట్టి పైన బండ కప్పిన రాతి గూళ్ళు ఎన్నో ఉన్నాయి. ఎవరివో చెప్పే అక్షరం ఒకటీ లేదు. మన జిల్లాలో వీరగల్లులు ఊరూరా ఉన్నాయి, కృష్ణగిరి మ్యూజియంలో కూడా నిలబెట్టినారు. వాటిలో వట్టెళుత్తు అనే పాత తమిళ లిపిలో చెక్కినవి కూడా ఉన్నాయి. ఈనాడు తమిళులైనా నిపుణులు తప్ప చదవలేరు. పల్లెల్లో ఆ రాళ్ళనే వేడియప్పన్ అని పసుపు పూసి మొక్కుతున్నారు. మొక్కు మిగిలింది, పేరు పోయింది. మా నాయన దేవుడు కానక్కరలేదు. ఆయన పేరు ఆయనకుంటే చాలు.

చివరికి పైన తెలుగు, కింద తమిళం అని ఒప్పుకున్నాము. పెద్దాయన కూడా, “ఎత్తు మించకుంటే నాకేమి?” అన్నాడు. చెక్కే ఆచారికి తెలుగు రాదు. “కాగితంమీద రాసియ్యండి, అట్లే దించుతా,” అన్నాడు. ఆ కాగితం మా తమ్ముని కొడుకుచేత రాయించినాను. పలకమీద దిద్దినట్లు నాలుగు దినాలు రాసినాడు. ఒత్తు చూసి ఆచారి, “ఈ కింద వేలాడేది అక్షరమా, గీత తప్పినదా?” అని అడిగితే, “అక్షరమే, అది లేకుంటే మా తాత పేరు కాదు,” అని పిల్లోడే చెప్పినాడు. ఒక పేరు రాసినంతలో తెలుగు వచ్చేయదు. పక్క సమాధి మీది పేరు వాడు చదవలేకపోయినాడు.

ఆ పక్క రాళ్ళ గురించే ఇప్పుడు నా దిగులు. చోటు చాలక పాత రాళ్ళు తీయక తప్పదు. తీసేముందు వాటి మీది తెలుగు పేర్లు ఒక నోటు పుస్తకంలో ఎత్తి రాయాలని పెద్దలను అడిగినాను. సరే అన్నారు, ఆ పని నాకే ఇచ్చినారు. ఇప్పటికి పద్నాలుగు పేర్లు రాసినాను. రెండు రాళ్ళు అరిగిపోయి అందలేదు, ముసలివాళ్ళను అడగాల.

మీ ఊరిలో కూడా ఈ పని చేయండి. పొద్దు వాలేటప్పుడు పోండి, ఏటవాలు ఎండలో అరిగిన అక్షరం కూడా తేలుతుంది. ఇనుప బ్రష్షుతో రుద్దకండి, ఉన్నది కూడా పోతుంది. చదవడం రాని పిల్లలను వెంట తీసుకుపోండి.