మూత తియ్యకు

ఈసారి 'వద్దు' అని చెప్పే క్రియల గురించి రాద్దామని కూర్చున్నాను. తియ్యి, తియ్యకు. వెళ్ళు, వెళ్ళకు. తేడా ఒక్క అక్షరమే. ఆ ఒక్క అక్షరం నా కుడి చేతి మీద ఒక మచ్చగా ఉంది. అందుకే ఈ పాఠం కారు ఇంజను దగ్గర మొదలవుతుంది.

2008లో నాకు 17 ఏళ్ళు. మాకు 850 సిసి చిన్న కారు ఉండేది. బడి సెలవుల్లో నాన్న, అమ్మ, నేను తాపా నుంచి పాత కొండ దారిలో కామెరాన్ హైలాండ్స్‌కి బయల్దేరాం. దారంతా మలుపులు, ఎక్కుడు. ముందు ఒక కూరగాయల లారీ. దాన్ని దాటే చోటు లేదు. రెండో గేరులో, ఏసీ వేసుకుని, దాని వెనకే నెమ్మదిగా ఎక్కుతున్నాం. లాతా ఇస్కందర్ జలపాతం దగ్గరికి వచ్చేసరికి సూది ఎర్ర గీతను తాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. నాన్న కారు పక్కకి ఆపి ఇంజను ఆపేశారు.

నేను తొందరగా దిగి బానెట్ ఎత్తాను. నీళ్ళు పొయ్యాలి కదా అని ఒక గుడ్డ తీసుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాను. వెనక నుంచి నాన్న అరిచారు: "మూత తియ్యకురా, ఆవిరుంది!"

మా ఇంట్లో అప్పటికి తెలుగు పెద్దవాళ్ళ భాష. నాతో అందరూ మలయ్‌లోనో ఇంగ్లీషులోనో మాట్లాడేవాళ్ళు. నాకు తెలిసిన తెలుగు వంటింట్లో పుట్టిన తెలుగు: తిను, రా, కూర్చో, మూత తియ్యి, మూత పెట్టు. జలపాతం హోరు, లారీల చప్పుడు. నాకు వినబడింది "మూత తియ్య" వరకే. తియ్యమంటున్నారు అనుకున్నాను. తిప్పాను.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ సరైన క్రియ దొరకలేదు. నీళ్ళు పొంగలేదు, పేలాయి. ముఖం పక్కకి తిప్పుకున్నాను కాబట్టి కళ్ళు మిగిలాయి. మోచేతి కింద అంతా కాలింది. నాన్న నన్ను జలపాతం కిందికి లాక్కెళ్ళి చాలాసేపు చేతిని ఆ నీళ్ళలోనే పట్టుకుని కూర్చున్నారు. ఆ నీళ్ళు తెచ్చి ఇంజను మీద పొయ్యనా అని అమ్మ అడిగితే వద్దన్నారు. బాగా వేడెక్కిన ఇంజను మీద చన్నీళ్ళు పోస్తే లోహం పగలొచ్చు. దానంతట అది చల్లారాలి.

మలయ్‌లో 'జంగన్ బుకా' అంటాం. 'వద్దు' ముందే వచ్చేస్తుంది. ఇంగ్లీషులోనూ అంతే. తెలుగులో 'వద్దు' వాక్యం చివర కూర్చుంటుంది. మాట పూర్తయ్యే దాకా వినాలి. నేను వినలేదు. నాన్నకి భయం వేసినప్పుడు సొంత భాష వచ్చింది, నాకు ఆ భాష రాలేదు. తప్పు ఎవరిదీ కాదు. కానీ ఆ రోజు తర్వాత నాన్న నాతో తెలుగులో ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. అమ్మతో మాట్లాడుతుంటే నేను గదిలోకి వస్తే మలయ్‌లోకి మారిపోయేవారు. నేను తెలుగు నేర్చుకోవడం అప్పుడే మొదలుపెట్టాను. పుస్తకం కొనుక్కుని, అ ఆ ల నుంచి.

అక్షరాలు వచ్చాక నాన్న దగ్గరికి వెళ్ళి, ఆ రోజు కారుకి ఏమైందో తెలుగులో చెప్పమని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత బానెట్ ఎత్తారు. కొన్ని ఆదివారాలు అలా గడిచాయి. ఆయన చెప్పింది, నేను తర్వాత చదివి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను.

మొదట నేను ఆశ్చర్యపోయిన సంగతి: ఇంజను చల్లగా ఉండకూడదు. బాగా పనిచేసే ఇంజనులో తిరిగే నీళ్ళు మామూలుగా 85 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటాయి. అంతకంటే చల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. అందుకే థర్మోస్టాట్ అనే చిన్న తలుపు ఉంటుంది. దాని లోపల మైనం. చాలా కార్లలో 82 డిగ్రీలు, ఆ చుట్టుపక్కల మైనం కరిగి ఉబ్బి తలుపును తోస్తుంది. అప్పుడే నీళ్ళు రేడియేటర్‌లోకి వెళ్తాయి. ఆ తలుపు మూసుకుని ఇరుక్కుంటే ఇంజను కాగిపోతుంది. తెరుచుకుని ఇరుక్కుంటే ఎంతసేపటికీ వేడెక్కదు.

రెండోది మూత. నాన్న దీన్ని కుక్కర్‌తో పోల్చి చెప్పారు. మామూలుగా నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. తానా రాతా దాదాపు 1,400 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ 95 దగ్గరే మరుగుతాయి. మరి 100 డిగ్రీల ఇంజను కొండ మీద ఎలా బతుకుతుంది? మూత వల్ల. దాని లోపలి స్ప్రింగు కుక్కర్ వెయిట్ లాగా ఒత్తిడిని ఆపుతుంది. 0.9 బార్ మూత ఉంటే, సముద్ర మట్టం దగ్గర, నీళ్ళు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. ఇప్పుడు ఆ మూత ఒక్కసారిగా తీస్తే? 105 డిగ్రీల నీళ్ళకి ఒత్తిడి పోతుంది, అప్పటికప్పుడు ఆవిరవుతాయి. కుక్కర్ కూతలు అయ్యాక కూడా అమ్మ ఎందుకు ఆగుతుందో నాకు తెలుసు. కారుకీ అదే నియమమని తెలియలేదు.

మూడోది మా కారు జబ్బు. పోమెన్ చూసి చెప్పాడు. (మలేషియాలో మెకానిక్‌ని పోమెన్ అంటాం.) రేడియేటర్ ఫ్యాన్ మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి, ఫ్యాన్ తిరగడం లేదు. హైవే మీద 90లో వెళ్తుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లారుస్తుంది, ఫ్యాన్ లోటు తెలియదు. కొండ మీద లారీ వెనక ఇంజనుకి పని ఎక్కువ, గాలి తక్కువ. అందుకే అక్కడ బయటపడింది. నాన్న చెప్పిన గుర్తు ఇది: ట్రాఫిక్‌లో ఆగినప్పుడే వేడెక్కితే ముందు ఫ్యాన్ చూడు. హైవే మీద వేగంగా వెళ్తున్నా వేడెక్కితే రేడియేటర్ పూడిందేమో, పంపు, థర్మోస్టాట్ సరిగా ఉన్నాయేమో చూడు. నూనె పోసే మూత కింద పాలమీగడ లాంటిది కనిపిస్తే ఇంజనులో నీళ్ళు నూనెతో కలిసి ఉండవచ్చు, ఆ కారు నడపకు.

ఇంకొకటి. ఇక్కడ చలి లేదు కదా అని మేము ఏళ్ళ తరబడి కుళాయి నీళ్ళే పోశాం. కూలెంట్ గడ్డకట్టకుండా ఉండడానికి మాత్రమే కాదు, తుప్పు పట్టకుండా కూడా. అది విషం, రుచికి తియ్యగా ఉంటుంది. పిల్లులు, పిల్లలు ఉన్న ఇంట్లో జాగ్రత్త.

ఈ పాఠాల్లో నాకు దొరికిన మాటలు చూడండి. నీళ్ళు కాగుతాయి, తర్వాత మరుగుతాయి. అన్నం ఉడుకుతుంది. పాలు పొంగుతాయి. ఏదైనా చివరికి చల్లారుతుంది. కోపం కూడా చల్లారుతుంది. ఇవన్నీ వంటింట్లో విన్నవే. ఇంజనుకి సరిపడా తెలుగు మా ఇంట్లోనే ఉంది, నేనే వినలేదు.

పోయిన ఏడాది నాన్నని తీసుకుని మళ్ళీ ఆ దారిలో వెళ్ళాను. ఇప్పటి నా కారుకి సూది లేదు. చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరి వేడెక్కితే ఎర్ర దీపం. "ఎర్ర దీపం వెలిగాక తెలిస్తే ఏం లాభం?" అని దారి పొడవునా గొణిగారు. జలపాతం దగ్గర టీ కోసం ఆగాం. పక్కనే ఒక పాత కారు, బానెట్ ఎత్తి ఉంది, ఆవిరి వస్తోంది. ఒక కుర్రాడు గుడ్డ పట్టుకుని వంగాడు.

"జంగన్ బుకా!" అని అరిచాను. వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

నాన్న టీ కప్పు కింద పెట్టారు. నా చేతి వైపు చూసి తెలుగులోనే అన్నారు: "ఆ రోజు నేను కూడా అలా అరిచి ఉంటే బాగుండేదిరా."

ఇన్నేళ్ళూ ఆయన ఆ మాట లోపల పెట్టుకున్నారని నాకు తెలియదు. తెలుగు నేర్చుకున్నాను కానీ అలాంటి మాటకి జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. "ఇప్పుడు తెలుగులో అరిచినా ఆగుతాను, నాన్నా" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. బయల్దేరే ముందు, "వెళ్ళి నీళ్ళు ఎంతున్నాయో చూసి రా" అన్నారు. "డబ్బా పక్కన గీతలుంటాయి, బయటి నుంచి చూస్తే చాలు. మూత తియ్యకు."

చివరి అక్షరం గట్టిగా పలికారు.