మబ్బు పట్టిన యుంగ్‌ఫ్రావ్ కింద అమ్మతో ఒకరోజు

ఉదయం ఆరున్నరకి ఫోన్‌లో యుంగ్‌ఫ్రావ్‌యోక్ లైవ్ కెమెరా తెరిచాను. స్క్రీనంతా తెలుపే. మంచేమో అనుకున్నా. కాదు, మబ్బు.

స్విట్జర్లాండ్ అంటే అమ్మకి సినిమా పాటల్లో చూసిన మంచుకొండలే. 3,454 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ స్టేషన్‌కి తీసుకెళ్తానని ఏడాదిగా ఊరిస్తున్నాను. కొండల కడుపులో సొరంగం తొలిచి, 1912కల్లా అక్కడిదాకా రైలు వేశారు. యూరప్‌లో అంతకన్నా ఎత్తున రైల్వే స్టేషన్ లేదు. లౌటర్‌బ్రునెన్ లోయలో రూమ్ తీసుకున్నదే అందుకోసం. మర్నాడు తిరుగు ప్రయాణం.

"టికెట్ ఎంతరా?"

సీజన్‌లో తలకి రెండొందల ఫ్రాంకుల పైనే. "ఇద్దరికీ నలభై వేలు దాటుద్దమ్మా" అన్నాను. రూపాయల్లో చెప్పకుండా ఉండాల్సింది.

"మబ్బు చూడ్డానికి నలభై వేలా? పద, ఈ ఊరే చూద్దాం."

నా మొహం మాడిపోయింది. కానీ టికెట్ ముందే కొనకపోవడం మంచిదైంది. మీరు వెళ్లినా పొద్దున్నే కెమెరా చూశాకే డబ్బులు కట్టండి.

లోయకి రెండువైపులా గోడ కట్టినట్టు నిటారు కొండలు. ఒకప్పటి గ్లేసియర్ లోయని లోతుగా కోసేసింది. పక్క వాగులు పైనే ఉండిపోయాయి. అంచుదాకా వచ్చాక దూకడమే వాటికి దారి. అందుకే ఇక్కడ 72 జలపాతాలంటారు. ఊరిని ఆనుకునే ఉన్న స్టౌబాఖ్ దాదాపు 300 మీటర్లు. నీళ్లు నేలని తాకేలోపే గాలికి తుంపరైపోతాయి. 1779లో గోథే వచ్చి చూసి, దీని మీద కవిత రాశాడట. అమ్మ మాత్రం కళ్లద్దాలు నాలుగుసార్లు తుడుచుకుంది.

అక్కణ్నుంచి బస్సులో ట్రూమెల్‌బాఖ్ వెళ్లాం. అసలు సంగతి ఇక్కడుంది. కొండ లోపల, చీకట్లో, పది జలపాతాలు. ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాల గ్లేసియర్లు కరిగిన నీరు ఈ ఇరుకు సందులోంచి వస్తుంది. జోరు మీదున్నప్పుడు సెకనుకి 20,000 లీటర్లు! ఆ హోరుకి రాయి కూడా వణుకుతోందేమో అనిపిస్తుంది. కొంతదూరం లిఫ్ట్ ఉంది కాబట్టి అమ్మ మోకాళ్లు బతికిపోయాయి. దిగేటప్పుడు తడి మెట్ల మీద ఆమె రెయిలింగ్‌ని రెండు చేతులతో పట్టుకుని ఆగిపోయింది. నేనేమో వీడియో తీస్తున్నా. సిగ్గేసింది. ఫోన్ జేబులో పెట్టి చెయ్యందించాను.

"ఈ నీళ్లు ఆ పైనుంచేనా?" చెవి దగ్గర అరిచింది.

"అవునమ్మా!"

చెయ్యి చాపి, రెయిలింగ్ మీద పడుతున్న తుంపర్లని తలమీద చల్లుకుంది, గుళ్లో తీర్థంలా. (చలికాలం ఇది మూసేస్తారు, గుర్తుంచుకోండి.)

సాయంత్రం కేబుల్ కార్, చిన్న రైలు పట్టుకుని మ్యూరెన్ చేరాం. కార్లు తిరగని ఊరు. ఎదురుగా మూడు శిఖరాలు కనపడాలి. ఐగర్ రాక్షసుడు, యుంగ్‌ఫ్రావ్ కన్య, మధ్యలో కాపలా ఉన్న సన్యాసి మోంక్. మాకు మబ్బే కనిపించింది. ఓ గంటకి కాస్త తెరిపిచ్చింది. తెల్లటి భుజం ఒకటి బయటపడింది. పైకి వెళ్లే టైముందా అని నా వేళ్లు యాప్‌లో వెతుకుతున్నాయి. లేదు.

అమ్మ అప్పటికే పిన్నికి వీడియో కాల్ చేసేసింది. "అదిగోనే, ఆ తెల్లటి కొండ... అయ్యో, మళ్లీ మూసేసింది. ఉండు, పెట్టెయ్యకు."