తుడవకుండా వదిలిన మూల

ఎర్రగుంట్ల నుంచి నాపరాళ్ల లోడుతో వచ్చే లారీలకు దారి ఇచ్చి, కమలాపురంలో ఓ బడి గేటు దాటేసరికి ఆఖరి బెల్లు కొట్టేశారు. పదో తరగతి గదిలో లెక్కల టీచరు ఇంకా ఉన్నారు. నల్లబల్ల మీది వర్గ సమీకరణాలను తుడిచేలోపు ఫోన్‌తో ఫొటో తీస్తున్నారు.

ఇదివరకు ఆ ఫొటోలు వాట్సాప్ గ్రూపులోకి పోయేవి. “రెండు దినాలకే ఎక్కడో పైకి పోతాది సార్. పరీక్షల ముందర పిల్లోళ్లు మళ్లీ అడుగుతారు, ఆ లెక్క యాడుంది మేడమ్ అని,” అన్నారామె. ఇప్పుడు బ్లాగర్‌లో తరగతి కోసం ఆమె తెరిచిన చోటుకి చేరుతున్నాయి. 1999లో పైరా ల్యాబ్స్ మొదలుపెట్టిన ఈ వేదికను 2003లో గూగుల్ కొనుక్కుంది. రూపాయి కట్టే పని లేదు, జీమెయిల్ ఉంటే తెరుచుకుంటుంది.

అయితే దాని నడక డైరీ నడక. కొత్తది పైన ఉంటుంది, పాతది కిందికి జరుగుతుంది. పుస్తకం అందుకు తలకిందులు. జూన్‌లో చెప్పిన వాస్తవ సంఖ్యలు జనవరికి అడుగున పడతాయి. అందుకని ఆమె పాఠ్యపుస్తకంలోని విషయసూచికనే విడి పేజీగా పెట్టి, ఒక్కో అధ్యాయం పేరుకూ లింకు ఇచ్చారు. పిల్లలు ముందు అక్కడికే వస్తారు.

నాకు బాగా నచ్చింది రూట్ 2 కరణీయ సంఖ్య అని నిరూపించే పోస్టు. పిల్లల్లో చాలామంది మొదటి మెట్టు వదిలేస్తారు: రూట్ 2ను ఎ/బి అనుకున్నప్పుడు ఎ, బి లకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదని ముందే రాయాలి. అది రాయకపోతే చివర వచ్చే వైరుధ్యానికి అర్థమే ఉండదు. తరగతిలో దొర్లిన ఆ తప్పునూ, సరిదిద్దిన తీరునూ పక్కపక్కన పెట్టారామె. 2017 సెప్టెంబర్ 5న మొదలైన ప్రభుత్వ పాఠాల వేదిక ‘దీక్ష’లోనూ పాఠాలున్నాయి, పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో తెరుచుకుంటాయి. కానీ అవి పిల్లలందరి కోసం చేసినవి. ఈ గదిలో ఎవరికి ఎక్కడ చిక్కు పడిందో ఈ టీచరుకే తెలుసు.

అన్నిటికంటే కష్టపెట్టింది అను ఫాంట్లు. డీటీపీ షాపులో ఆ ఫాంట్లలో కొట్టించిన పాత ప్రశ్నపత్రాలను పోస్టులో అతికిస్తే తెలుగు మాయమై గజిబిజి ఇంగ్లిషు అక్షరాలు వచ్చాయి. యూనికోడ్‌లో మళ్లీ కొట్టుకున్నారు. ఇప్పుడు ‘కరణీయ’ అని వెతికితే పాఠం దొరుకుతుంది. ఒకే పేపరుకు మూడు ప్రతులు, మూడింట్లో వేర్వేరు అంకెలు ఉంటే, సరిచూసి ఒక్కటే ఉంచారు. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి తాళపత్ర ప్రతులను పోల్చి శుద్ధప్రతులు రాయించింది ఇక్కడికి దగ్గర్లోనే. ఆమె పని చూస్తుంటే ఆయన గుర్తొచ్చారు.

పిల్లల ఫొటోలు, మార్కులు మాత్రం అందులో పెట్టరు. ఎవరైనా చూడగలిగే చోట అవి ఉండకూడదన్నది ఆమె పట్టుదల, అది సరైనదే. ఫొటోల సైజు కూడా తగ్గించి పెడతారు. చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే, అదీ నాన్న నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి వచ్చాకే పిల్లల చేతికి వస్తుంది.

వర్గ సమీకరణాల ఫొటో ఎక్కాక ఆమె డస్టర్ అందుకున్నారు. బల్లంతా తుడిచి, కుడి మూల రాసున్న పేజీ చిరునామాను అలాగే వదిలి గదికి తాళం వేశారు.