హవా అందరిదీ, ఇంతెజార్ డ్రైవర్లదీ

మా అమ్మీజాన్‌కి గ్యాస్ అంటే బావర్చీఖానాలో ఉండే ఎర్ర బండే. మా భాయీజాన్ డీజిల్ ఆటో అమ్మేసి సీఎన్జీ ఆటో కొన్నాడని తెలిసినప్పటి నుంచీ ఆమెకి ఒకటే ఫికర్. "ఆ బండ పెట్టుకుని బెజవాడంతా తిరుగుతావా బేటా?" అని.

ఆమె డర్ తీసిపారేసేది కాదు. కానీ ఈ గ్యాస్ వేరు, ఆ గ్యాస్ వేరు. వంటగ్యాస్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. అది హవా కంటే బరువు. లీకైతే నేల మీదే పేరుకుంటుంది. సీఎన్జీలో ఉండేది ఎక్కువగా మీథేన్. అది హవా కంటే తేలిక. ఆరుబయట లీకైతే పైకి లేచి చెదిరిపోతుంది. అలాగని బేఫికర్‌గా ఉండటానికి లేదు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్ల ఒత్తిడితో దాన్ని సిలిండర్‌లో కుక్కుతారు. వంటింటి బండ అంత ఒత్తిడికి తట్టుకునేలా చేసింది కాదు. అందుకే సీఎన్జీకి మందమైన ప్రత్యేక సిలిండర్ ఉంటుంది. బంకులో నింపేటప్పుడు సవారీలను కిందికి దించేదీ అందుకే.

అమ్మీజాన్‌కి తసల్లీ అయింది. భాయీజాన్‌కి మాత్రం హిసాబ్ మిగిలింది. ఇంట్లో కాస్త చదువుకున్నవాణ్ని నేనే కాబట్టి నోట్‌బుక్ నా ముందు పెట్టాడు.

గ్యాస్ కిలోల్లో వస్తుంది, పెట్రోలూ డీజిలూ లీటర్లలో వస్తాయి. కిలో గ్యాస్‌లో శక్తి లీటర్ పెట్రోల్ కంటే ఎక్కువ. రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూస్తే హిసాబ్ తప్పుతుంది. కిలోమీటర్‌కి ఎంత పడిందో చూడాలి. అలా చూస్తే మా భాయీజాన్‌కి బచత్ ఉంది, బాగానే ఉంది. కానీ ఆయన నోట్‌బుక్‌లో ఒక ఖర్చు లేదు. అది వక్త్.

ఆయన సిలిండర్‌లో పట్టేది నాలుగు కిలోలే. రోజూ బంకుకి పోవాల్సిందే. అసర్ నమాజ్ చదువుకుని లైన్లో నిలబడితే మగ్రిబ్ అజాన్ వినపడినా వంతు రాని రోజులున్నాయి. పైప్‌లైన్ ఉన్న బంకుల సంగతి కాస్త నయం. కొన్ని బంకులకి గ్యాస్ లారీల మీద సిలిండర్లలో వస్తుంది. ఆ సిలిండర్లు ఖాళీ అవుతున్నకొద్దీ ఒత్తిడి పడిపోతుంది. నింపడం నెమ్మదిస్తుంది. చివర్లో వచ్చినవాడికి సగం గ్యాసే ఎక్కుతుంది. వాడు మళ్లీ త్వరగా లైన్లోకి రావాలి. లైన్ ఇంకా పెరుగుతుంది.

ఈ మాట అంటే ఢిల్లీ గుర్తొస్తుంది. ఎం.సి. మెహతా 1985లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 1998 జూలై 28న ఒక హుకుం ఇచ్చింది. 2001 మార్చి 31 నాటికి ఢిల్లీ బస్సులన్నీ సీఎన్జీకి మారాలని. గడువులు జరిగినా మార్పు జరిగింది. బస్సుల వెనక నల్లపొగ తగ్గింది. మంచి పనే. కానీ బండ్లు మారినంత జల్దీగా బంకులు రాలేదు. ఆటోవాళ్లు గంటల తరబడి లైన్లలో పడిగాపులు కాశారు. హవా సాఫ్ అయితే ఫైదా అందరికీ. ఆ ఇంతెజార్‌లో పోయిన కమాయి మాత్రం డ్రైవర్లది.

నోట్‌బుక్‌లో లేని రెండో ఖర్చు హైడ్రో టెస్ట్. మూడేళ్లకోసారి సిలిండర్ ఊడదీసి, నీళ్లు నింపి, మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పెడతారు. ఎంత ఉబ్బిందో, మళ్లీ తన రూపానికి వచ్చిందో లేదో కొలుస్తారు. ఒకటి రెండు రోజులు ఆటో ఆగిపోతుంది. ఈ ఏడాది భాయీజాన్ దాన్ని వాయిదా వేద్దామన్నాడు. "మూడేళ్లలో ఒక్కసారి కూడా లీక్ కాలేదు. రెండు రోజుల కిరాయిలు పోగొట్టుకోవడం దేనికి?" అని.

లీక్ లేకపోవడం వేరు, లోహం బాగుండటం వేరు. సిలిండర్‌ని పట్టి ఉంచే పట్టీల కింద పట్టిన తుప్పు బయటికి కనపడదు. నేను అదంతా వివరంగా చెప్తూనే ఉన్నాను. భాభీజాన్ ఒక్క ముక్కలో తేల్చేసింది. "పొద్దున్నే పిల్లలు స్కూలుకి పోయేది ఆ ఆటోలోనే కదా, జీ!"

భాయీజాన్ జవాబ్ ఇవ్వలేదు. సోమవారం సిలిండర్ టెస్ట్‌కి పోయింది.

మీ ఇంట్లో కూడా ఎవరైనా సీఎన్జీ బండి కొనాలనుకుంటే, గ్యాస్ ధర ఒక్కటే చూసి సౌదా చేయొద్దు. మీ దారిలో బంకు ఎంత దూరం, అక్కడ లైన్ ఎంత, టెస్ట్‌కి ఎన్ని రోజులు పోతాయి, ఇవి కూడా రాయండి. లైన్లో పోయే గంటకి కూడా రేటు కట్టండి, ఎందుకంటే అదీ మెహనతే. ఇవన్నీ తీసేశాక కూడా బచత్ మిగిలితే అది అసలైన బచత్. మా భాయీజాన్‌కి ఇంకా మిగులుతోంది, ఆయన అనుకున్నంత కాకపోయినా.