పాటు చూసుకుని నడవాలి
బందరు కోట నుంచి హంసలదీవి సంగమం దాకా

బందరు కోట చూడ్డానికి వెళ్లినవాళ్లలో చాలామంది పావుగంటలో తిరిగొచ్చేస్తారు. మొదటిసారి నేనూ అంతే. ఊరు దాటి గిలకలదిండి రేవు వైపు వెళ్తే పెచ్చులూడిన గంట గోపురం, పాత ఆయుధాగారం, తుమ్మ చెట్లు, ఎండలో నిద్రపోతున్న కుక్క. 'ఇంతేనా' అనుకుని బయటికి వచ్చి బందరు లడ్డు కట్టించుకున్నాను.

తప్పు నాదే. నేను గోడల కోసం చూశాను. ఈ కోటకు అసలు కాపు గోడ కాదు, చుట్టూ ఉన్న బురద. దక్షిణాన సముద్రపు పాయ, మిగతా దిక్కుల్లో చిత్తడి. ఊళ్లోంచి కోటలోకి రావాలంటే ఆ చిత్తడి మీద కట్టిన గట్టు ఒక్కటే దారి. ఆ బురదను చూడాలంటే పాటు వేళకు రావాలి. సముద్రం పైకి రావడం పోటు, వెనక్కి తగ్గడం పాటు. బందరు నుంచి కృష్ణమ్మ సముద్రంలో కలిసే మొగదాకా ఉన్న ప్రాంతాన్ని అర్థం చేసుకోవడానికి ఈ రెండు మాటలు చాలు.

బురద మీదుగా వచ్చిన దండు

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో బందరు తూర్పు తీరంలో పెద్ద రేవు. పదిహేడో శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు దిగారు. 1611లో ఇంగ్లిషువాళ్లు వర్తక స్థావరం పెట్టుకున్నారు. వాళ్ల వెనకే ఫ్రెంచివాళ్లు వచ్చారు. పెడన చుట్టుపక్కల అద్దిన కలంకారీ బట్టలు ఇక్కడే ఓడలెక్కి పర్షియాకు, ఐరోపాకు వెళ్లాయి. డచ్చివాళ్ల సమాధుల తోట ఇప్పటికీ ఊళ్లో ఉంది. రాళ్ల మీద చెక్కిన వంశచిహ్నాలు చూస్తే, బట్టల బేరానికి ఇంత దూరం వచ్చి ఇక్కడి మట్టిలో కలిసినవాళ్ల మీద జాలేస్తుంది.

ఒక్క రాత్రి గురించి మాత్రం ఆగి చెప్పాలి. 1759 ఏప్రిల్ 7. కోటలో కాన్‌ఫ్లాన్ నాయకత్వంలో ఫ్రెంచి సేన. బయట కర్నల్ ఫోర్డ్ కింద అంతకంటే చిన్న ఇంగ్లిషు దండు, తోడుగా విజయనగరం రాజు ఆనందగజపతి సైన్యం. ఫ్రెంచివాళ్లకు సాయంగా నిజాం సలాబత్ జంగ్ సేనతో వస్తున్నాడన్న కబురు. ఫోర్డ్‌కు వ్యవధి లేదు. నైరుతి వైపు చిత్తడిలో మనుషులు నడిచి వెళ్లగలరని అతనికి తెలిసింది. నీళ్లు బాగా తగ్గే వేళ చూసి అర్ధరాత్రి కదిలారు. కెప్టెన్ నాక్స్ సిపాయిలతో ఆ బురదలో దిగి ఉత్తుత్తి దాడి చేశాడు. రాజుగారి సైన్యం గట్టు వైపు సందడి చేసింది. కోటవాళ్ల చూపు అటు తిరిగేసరికి అసలు దాడి ఈశాన్యపు బురుజు మీద జరిగింది. తెల్లారేసరికి కోట చేతులు మారింది. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల కథ దాదాపు అక్కడితో ముగిసింది.

పోటు మీదున్నప్పుడు కాపాడిన నేలే పాటు పడగానే శత్రువుకు దారిచ్చింది. ఈ సంగతి తెలుసుకున్నాకే నేను రెండోసారి కోటకు వెళ్లాను. ఈసారి గంట గోపురం వైపు చూడకుండా గిలకలదిండి వైపు నడిచాను. నీళ్లు తీసేసిన పాయలో పడవలు పక్కకు ఒరిగి ఉన్నాయి, పీతలు వాటి కింద సంసారం చేస్తున్నాయి.

మడ అడవుల మధ్య

ఇక నాకు ఇష్టమైన చోటికి వస్తాను. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి, మధ్యలో దివిసీమను వదిలి సముద్రానికి వెళ్తుంది. ఊళ్ల పేర్లలోనే నేల తీరు కనబడుతుంది. నాగాయలంక, పాలకాయతిప్ప, ఎలిచెట్లదిబ్బ. లంక, తిప్ప, దిబ్బ, అన్నీ నీళ్ల మధ్య పైకి తేలిన నేలకు పేర్లే.

మా అమ్మమ్మ వాళ్లది కోడూరు పక్క పల్లె. చిన్నప్పుడు 'మడల్లోకి వెళ్లకు, కాలు దిగబడుద్ది' అనడమే గాని ఎవరూ నన్ను తీసుకెళ్లింది లేదు. నలభై దాటాక, పడవ నడిపే ఒక పెద్దాయన వెంట మొదటిసారి దిగాను. 'చెప్పులు పడవలో వదిలెయ్ అబ్బాయ్, బురద వాటిని తిరిగివ్వదు' అన్నాడు. నిజమే. వట్టి కాలైతే వేళ్లు విప్పుకుని నిలబడుతుంది, మడమ ముందు ఆనించకుండా పాదమంతా ఒకేసారి వేయాలి. నాకది పట్టుబడేసరికి రెండుసార్లు కూర్చున్నాను.

అక్కడ నేలలోంచి జానెడేసి మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి మొలకలు కావు, వేళ్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి మడచెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. పోటుకు అవి మునుగుతాయి, పాటుకు బయటపడతాయి. తెల్లమడ ఆకు తుంచి నాలుక మీద పెట్టుకోమన్నాడు పెద్దాయన. ఉప్పగా ఉంది. వేళ్లతో తాగిన ఉప్పును చెట్టు ఆకుల మీదికి నెట్టేస్తుంది. ఎండ ముదిరాక చూస్తే ఆకు మీద సన్నటి పలుకులు మెరుస్తాయి. ఉప్పుపొన్నది ఇంకో తెలివి. దాని గింజ తల్లి కొమ్మకు వేలాడుతూనే మొలకెత్తి, ములక్కాయలా పొడుగ్గా పెరిగి, అప్పుడు రాలుతుంది. పాటు వేళ రాలితే బురదలో గుచ్చుకుని అక్కడే నిలబడుతుంది, పోటు వేళ రాలితే నీళ్లమీద తేలుతూ ఇంకో దిబ్బ వెతుక్కుంటుంది. తిల్ల చెట్టు దగ్గరికి రాగానే మాత్రం నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

ఒక పెద్ద డెక్క, ఒక చిన్న డెక్క ఉన్న ఎర్రటి పీతలు మా అడుగు చప్పుడుకు వందల బొరియల్లోకి ఒక్కసారిగా మాయమయ్యాయి. రెక్కల మీద ఆనుకుని బురదలో గెంతే చేపలు వేళ్లమీదికి ఎక్కి మమ్మల్ని చూశాయి. పెద్దాయన ఇనుప కొక్కెం ఒక బొరియలో దూర్చి, చెవి దగ్గర పెట్టుకుని విన్నట్టు కాసేపు ఊరుకుని, నెమ్మదిగా మండపీతను బయటికి లాగాడు. నీటి పిల్లి అడుగులు కూడా చూపించాడు. చేపలు పట్టి తినే ఆ పిల్లికి ఈ మడలున్న కృష్ణా అభయారణ్యం పెద్ద ఆసరా. నాకు పిల్లి కనబడలేదు, అడుగులు మాత్రం నీళ్లు నిండుతుండగా చూశాను.

నీళ్లు నిండుతున్నాయంటే పోటు మొదలైందన్నమాట. 'ఇక పద' అన్నాడు. గడియారం చూడలేదు, సెల్‌ఫోన్ తీయలేదు. రోజూ రెండు ఘడియలు ఆలస్యంగా పోటు వస్తుందట, నిన్నటిది గుర్తుంటే రేపటిది తెలిసినట్టే. అమావాస్యకు, పౌర్ణమికి నీళ్లు బాగా ఎక్కుతాయి, బాగా తీస్తాయి. అష్టమి ప్రాంతంలో ఎక్కువా ఎక్కవు, ఎక్కువా తీయవు. పంచాంగం ఇక్కడ పెళ్లి ముహూర్తాలకు మాత్రమే కాదు.

తిరిగొచ్చేటప్పుడు ఉప్పెన మాట నేనే ఎత్తాను. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. ఆ రేవు మళ్లీ కోలుకోలేదు. 1977 నవంబరు 19న దివిసీమ వంతు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. పెద్దాయనకు అప్పుడు పన్నెండేళ్లు. వివరం చెప్పలేదు. ఒక మడచెట్టు మొదలు తట్టి, 'దీన్ని పట్టుకునే ఉన్నా' అన్నాడు. అంతకుమించి అడగడానికి నాకు నోరు రాలేదు.

శ్రీశైలం, నాగార్జునసాగర్ కట్టాక నది తెచ్చే ఒండ్రు బాగా తగ్గింది. మొగల దగ్గర కొన్నిచోట్ల సముద్రం నేలను కోసేస్తోంది. రొయ్యల చెరువులు మరోవైపు నుంచి వస్తున్నాయి. మధ్యలో మడ.

సంగమం

హంసలదీవిలో వేణుగోపాలస్వామి ఆలయం ఉంది. సంగమంలో మునిగిన కాకి హంసగా మారిందని, అందుకే ఊరికా పేరని చెబుతారు. మాఘ పౌర్ణమికి సముద్రస్నానానికి జనం పోటెత్తుతారు. మామూలు రోజుల్లో పాలకాయతిప్ప నుంచి ఒడ్డు వెంట నడిస్తే తోడుగా మీ నీడ ఒక్కటే. తీపి నీళ్లు, ఉప్పు నీళ్లు కలిసే చోట రంగు గీత గీసినట్టుంటుందని విన్నాను. నేను వెళ్లిన రోజు మాత్రం అంతా ఒకటే మట్టి రంగు.

వెళ్లేవారికి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడవడానికి హాయి. మడల్లోకి అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. దారి బోర్డులు ఉండవు, తెలిసిన మనిషి ఉండాలి. మంచినీళ్లు మోసుకెళ్లండి. మంగినపూడి తీరంలో ఇసుక కాదు, నల్లమట్టి. ఆ పక్కనే 2023లో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. పెడనలో అద్దకం చూడాలంటే సగం రోజు ఉంచుకోండి. లడ్డు సంగతి చెప్పక్కర్లేదు.

మొన్న పెద్దాయనకు ఫోన్ చేసి, వచ్చే నెల పదిహేనున వస్తాను బాబాయ్ అన్నాను.

'తారీకు నాకెందుకు అబ్బాయ్, తిథి చెప్పు' అన్నాడు.