ఇచ్ఛాపూర్‌లో ఉలికి సాన

వరంగల్‌లో నవజీవన్ ఎక్కితే సూరత్‌లో దిగేదాకా బండి మారే పని లేదు. మగ్గాలను నమ్ముకుని తెలంగాణ నుంచి వలసపోయిన మనవాళ్ళు అక్కడ ఎంతమంది ఉన్నారంటే, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బళ్ళు నడుపుతోంది. లింబాయత్‌లో ఉండే మా మేనమామ కొడుకు అలాంటి బళ్ళోనే చదివాడు. తండ్రిలా మగ్గం మీద కూర్చోకుండా నగల్లో రాళ్ళు పొదిగే పనిలో చేరాడు. అతని పనితనం దగ్గరుండి చూడాలనే నా ప్రయాణం.

పొద్దున్నే బైకు మీద తాపీ నది దాటి హజీరా రోడ్డెక్కాం. ముందూ వెనకా లారీలే. ఇచ్ఛాపూర్‌లో గుజరాత్ హీరా బోర్స్ వారి నగల పార్కుంది. గేటు దగ్గర తనిఖీలు ముగించుకుని అతను పనిచేసే కార్ఖానాకి చేరాం. వరసగా బల్లలు, ఒక్కో బల్లకూ ఒక మైక్రోస్కోపు. పనివాళ్ళలో బెంగాలీలు ఎక్కువ.

వజ్రం పొదగడం చూద్దామని వెళ్తే, మావాడు ముందుగా సాన దగ్గర కూర్చున్నాడు. చేతిలో కొత్త ఫ్లాట్ గ్రేవర్: మొన చదునుగా ఉండే సన్నటి ఉక్కు ఉలి. కొన్నది కొన్నట్టు వాడటానికి కుదరదట. పుట్టగొడుగులాంటి చెక్క పిడిని అరచేతి గుంటలో ఆనించి, బొటనవేలు చాచి చూసుకున్నాడు. మొన వేలు దాటి కొంచెమే బయటికి రావాలి. మరీ పొడుగైతే అదుపు తప్పుతుంది. ఎక్కువైనంత మేర తోకవైపు విరిచి మళ్ళీ పిడికి దిగ్గొట్టాడు. తర్వాత పైభాగాన్ని ఏటవాలుగా అరగదీశాడు. మొన దగ్గర ఉక్కు ఎంత తక్కువుంటే సాన అంత త్వరగా పడుతుంది, చెక్కేటప్పుడు మొన కంటికి ఆనుతుంది.

ఆపైన వజ్రప్పొడి అద్దిన తిరుగుడు పలక మీద ముఖం తీర్చాడు. బంగారానికీ వెండికీ 45 డిగ్రీలు చాలు. గట్టి లోహమైతే ముఖాన్ని ఇంకాస్త నిటారుగా పెట్టాలి, లేకపోతే మొన పుటుక్కున విరుగుతుంది. గరుకు పలక మీద మొదలుపెట్టి, నున్నటి పలక మీదికి మార్చాడు. ఇది హైస్పీడ్ స్టీలు కాబట్టి కొంత వేడికి ఓరుస్తుంది. మామూలు కార్బన్ ఉక్కునైతే మాటిమాటికీ నీళ్ళలో ముంచాలి. ఒకసారి నీలిరంగు తిరిగిందా, ఆ మేర పదును నిలవదు.

నేను అక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు పని అప్పుడు మొదలైంది. ఉలిని తిప్పి, అడుగువైపు మొన దగ్గర 15 డిగ్రీల వాలులో చిన్న అంచు తీశాడు. వాళ్ళు దాన్ని హీల్ అంటారు. దాని పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అది లేకపోతే ఉలి లోహంలోకి కూరుకుపోతుంది. పిడిని పైకెత్తి పట్టుకునే వీలు దానివల్లే. సిరామిక్ పలక మీద సన్నటి వజ్రప్పొడి చల్లి, ఆ కాస్త అంచునీ రెండు మూడు సార్లు మెల్లగా తాకించాడంతే. మైక్రోస్కోపులో చూడమన్నాడు. అద్దం ముక్కలా ఉంది.

"గిది నునుపు లేకుంటే తర్వాత ఎంత కొట్లాడినా మెరుపు రాదు బావా" అన్నాడు.

రుజువు కూడా చూపించాడు. ఒకే వెండి రేకు మీద పక్కపక్కనే రెండు గీతలు తీశాడు. హీల్‌కి మెరుగు పెట్టని ఉలితో గీసింది బూడిదరంగులో మసగ్గా ఉంది. మెరుగు పెట్టిన ఉలితో తీసిన గీతలో కిటికీ వెలుగు తళుక్కుమంది. ఉలి అడుగు లోహాన్ని రాసుకుంటూ పోతుంది కదా, తన మీదున్న ప్రతి గీరనూ అక్కడ దింపేస్తుంది. చిన్న వజ్రాల వరస పక్కన మెరిసే సన్నటి అంచు ఇలా ఒక్క ఊపులో చెక్కిందే. రాళ్ళని పట్టి ఉంచే బొడిపెలను లోహంలోంచే లేపి, మిగిలిన అంచును ఫ్లాట్ గ్రేవర్‌తో కోసేస్తారు. నగ కొనేవాళ్ళు రాయి కాంతిని మెచ్చుకుంటారు. అందులో సగం మెచ్చుకోలు ఈ అంచుకు చెందాలని నాకు గట్టిగా అనిపించింది.

సూరత్ సంగతి తలచుకుంటే మరీ ముచ్చటేస్తుంది. ఈ ఊరు వజ్రాన్ని వజ్రప్పొడితోనే సానబడుతుంది. ఆ వజ్రాన్ని పొదిగే ఉలికీ పదును పెట్టేది వజ్రప్పొడే. ఉక్కుకు బదులు కార్బైడుతో చేసిన ఉలినైనా దానితోనే అరగదీస్తారు.

పదును తెలుసుకోవడానికి మావాడు మొనను బొటనవేలి గోరు మీద బరువు వేయకుండా ఆనిస్తాడు. జారకుండా పట్టుకుంటే సరే. లేదా దీపం కింద తిప్పి చూస్తాడు. మొద్దుబారిన అంచు సన్నగా మెరుస్తుంది, పదునైనది కనబడదు. పని మధ్యలో ఎన్నోసార్లు లేచి సాన దగ్గరికి వెళ్ళాడు. అది వృథా కాలమని అక్కడ ఎవరూ అనుకోరు. పక్క బల్ల దగ్గరి పెద్ద కారీగరు, అందరూ దాదా అని పిలిచే మనిషి, కొత్త కుర్రాళ్ళకు చాలాకాలం సాన తప్ప మరేదీ ఇవ్వడట. ఆయన చేసేది సరైన పని.

వంపులు తిరిగే గీతకు హీల్ ఇంకా పొట్టిగా ఉండాలట. పొడుగైతే మలుపు దగ్గర దాని వెనక కొస బయటి అంచును గీరేస్తుంది. ఆ మాట వినగానే నాకు తాళ్ళపాక వారి రాగిరేకులు గుర్తొచ్చాయి. 2,000కు పైగా రేకుల మీద అన్నమయ్య కుటుంబం వారి సంకీర్తనలు చెక్కారు. మన అక్షరాలన్నీ వంపులే! తలకట్టు, కొమ్ము, సుడి. వాటిని చెక్కినవాళ్ళ పేర్లు తెలిసినా తెలియకపోయినా, వాళ్ళూ ఏదో ఒక రాయి మీద ఉలికి పదును పెట్టుకునే ఉంటారు. తిరుమల మ్యూజియంలో ఇదివరకు ఆ రేకుల్ని చదవడానికే చూశాను. ఈసారి అక్షరం మలుపుల దగ్గర బయటి అంచు చూడాలి, అక్కడ గీరుకుపోయిన జాడలున్నాయో లేవో. ఈ మాటే మావాడితో అన్నాను.

"లోతు గూడ సూడు బావా" అన్నాడు మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే. "మొదట్ల ఎంతుంది, మలుపుల ఎంతుంది. రెండూ ఒక్కతీరుగుంటే వాడు మొనగాడు."